అందరికీ దాలయ్య మొకం

అనూరాధ పనిచేసే ఆఫీసు శ్రీకాకుళంలో, అరసవల్లి వెళ్లే దారిలో ఒక లాడ్జి పైన ఉంది. తీరంలోని పదకొండు ఊళ్ల మత్స్యకార సంఘాలు కలిసి పెట్టుకున్న సమాఖ్య అది. కింద లాడ్జి చూసి వచ్చినవాళ్లు వారానికి ఇద్దరు ముగ్గురైనా ఇంకో అంతస్తు ఎక్కేసి, గదులున్నాయా అని అడుగుతారు. లేవని చెప్పడం కూడా అనూరాధ పనే. అసలు పని సభ్యుల వివరాలు కంప్యూటర్లో ఎక్కించి గుర్తింపు కార్డులు తీయించడం. ఆరేళ్లుగా చేస్తోంది. మేనేజరు నరసింగరావుగారు ఆమెను మెచ్చుకోవలసి వచ్చినప్పుడు "మీ మీద కంప్లైంటు లేదమ్మా" అంటారు. అంతకు మించి మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు.

మే నెల మొదట్లో కంప్యూటర్లోని డి డ్రైవు చప్పుడు చేయడం మొదలెట్టింది. రేకుడబ్బాలో పెసలు పోసి ఊపుతున్నట్టు చప్పుడు. రిపేరు మనిషి వచ్చి, చెవి పెట్టి విని, ఇది ఎక్కువ రోజులు ఉండదన్నాడు. కొత్త డిస్కు బిగించి, ఫోటోలన్నీ అందులోకి ఎక్కించి, పాతదాన్ని మార్పిడి కింద పట్టుకుపోయాడు.

"కొత్తది ఏ డ్రైవమ్మా?" అని నరసింగరావుగారు అడిగారు.

"ఈ డ్రైవు సార్."

"అదే, ఏ డ్రైవు?"

"ఈ, సార్."

ఆయన కంప్యూటర్ వైపు ఓసారి, అనూరాధ వైపు ఓసారి చూశారు. "చూపించడం కాదమ్మా, పేరు చెప్పు."

"ఏ, బీ, సీ, డీ తర్వాత వచ్చే ఈ, సార్."

"అలాగ చెప్పు మరి," అని ఆయన ఫైళ్లలోకి వెళ్లిపోయారు.

ఫోటోలు కొత్త డ్రైవులోకి వచ్చాయి కానీ, ఏ సభ్యుడి పేజీ తెరిచినా ఫోటో ఉండవలసిన చోట ఖాళీ గడి కనిపిస్తోంది. ఎందుకంటే సభ్యుల పట్టికలో ఫోటో ఉండదు, ఫోటో ఉన్న చోటు రాసి ఉంటుంది. డి డ్రైవులో ఫోటోలు అనే ఫోల్డరు, అందులో ఊరి పేరు, అందులో ఫలానా నంబరు అని. కంప్యూటర్ ఆ చోటికి వెళ్తుంది. అక్కడ డి డ్రైవే లేదు. ఇల్లు మారినా ఉత్తరాలు పాత చిరునామాకే పోతున్నట్టయింది పని.

ఆ శనివారం భావనపాడు నుంచి దాలయ్య వచ్చాడు. యాభై అయిదేళ్ల మనిషి. మీసం మాత్రం ఇంకా నల్లగా, పెదవిని పూర్తిగా కప్పేసి ఉంటుంది. టెక్కలిలో బస్సు మారి వచ్చాడు.

"పాత కార్డు ఏమైంది?" అని అనూరాధ అడిగింది.

"సంద్రంలో ఉన్నాది," అన్నాడు దాలయ్య.

వేట నిషేధం జూన్ పద్నాలుగుతో అయిపోతుంది. ఆ తర్వాత సముద్రం మీద పహరావాళ్లు పడవను ఆపి కార్డు అడుగుతారు. కార్డు లేకుండా ఎలాగెల్తాను, నా కార్డు నాకు పడీసినాక ఎల్లిపోతాను అని దాలయ్య కుర్చీలో సర్దుకు కూర్చున్నాడు. అనూరాధ, సాఫ్ట్‌వేరు రాసిన దేవేంద్రకి ఫోన్ చేసింది. అతను హైదరాబాదులో వేరే ఉద్యోగంలో ఉన్నాడు. అయినా ఫోన్ తీశాడు.

"పట్టికకి ఒక్క ఆదేశం, ఒక్క క్వెరీతో అయిపోతుంది మేడం. కానీ ముందు ఒక్కరి మీద పరీక్ష చేయండి. రెండు లైన్లు చెప్తాను, రాసుకోండి," అన్నాడు.

మొదటి లైను, ఫోటో చోటు ఇదని మార్చమని. రెండో లైను, ఈ నంబరు సభ్యుడికి మాత్రమే మార్చమని. అది 'వేర్' అన్న మాటతో మొదలవుతుంది. అనూరాధ రెండూ డైరీలో శుభ్రంగా రాసుకుంది. పరీక్షకి ఎదురుగా ఉన్న దాలయ్యనే తీసుకుంది. అతని నంబరు 1173. ఈ డ్రైవు, ఫోటోలు, భావనపాడు, 1173 అని మొదటి లైను కొట్టింది.

"మేడం గారూ, నాలుగున్నర బస్సు తప్పిపోతే మరి టెక్కలిలో నాకు బండి దొరకదు," అన్నాడు దాలయ్య.

అనూరాధ మీట నొక్కింది.

ఆరు వేల రెండు వందల పద్నాలుగు వరుసలు మారాయని తెర మీద వచ్చింది. సమాఖ్యలో మొత్తం సభ్యులు అంతమందే. ఒక్క దాలయ్య కోసం పాపం అందరినీ వెతికిందనుకుంది అనూరాధ. దాలయ్య పేజీ తెరిచింది. మీసంతో సహా ఫోటో వచ్చింది. ఆఫీసులోని చిన్న యంత్రం మీద ఒక్క కార్డు తీసి ఇచ్చింది. దాలయ్య నాలుగున్నర బస్సుకి వెళ్లిపోయాడు.

అనూరాధకి మర్నాటి నుంచి బొబ్బిలిలో చుట్టాల పెళ్లి. సెలవు చీటీ ఇస్తూ "ఫోటో వచ్చింది సార్, మిగతావాళ్లవి సెలవు నుంచి వచ్చాక చేస్తాను" అంది. నరసింగరావుగారికి మాటల్లో మొదటి సగం వినే అలవాటు ఉంది. సోమవారం ఆయన జాబితా తెరిచారు. జాబితాలో ఫోటోలు కనబడవు, ఫోటో దొరికిన ప్రతి పేరు పక్కనా ఆకుపచ్చ టిక్కు పడుతుంది. ఆరు వేల రెండు వందల పద్నాలుగు టిక్కులు పడి ఉన్నాయి. ఆదివారం కూడా వచ్చి పనిచేసిందనుకుని ఆయన మనసులో సంతోషించారు. ఉప్పునీటికి పాత కార్డుల మీద మొహాలు చెరిగిపోయిన భావనపాడుకి ముందు కొత్తవి ఇవ్వాలి కాబట్టి, వాళ్ల కార్డులు మూడు వందల పన్నెండూ అచ్చుకి విశాఖపట్నం పంపేశారు.

బుధవారం అనూరాధ వచ్చి అవే టిక్కులు చూసింది. దేవేంద్రే హైదరాబాదు నుంచి చేసి పెట్టాడనుకుంది. ఎంత మంచివాడు అనుకుంది. ఇద్దరూ ఒకరినొకరు అడగలేదు. ఒక్కరి పేజీ తెరిచి చూసి ఉంటే తెలిసేది. తెరవలేదు.

శుక్రవారం ఇద్దరూ కార్డుల కట్టలతో భావనపాడు వెళ్లారు. తుఫాను షెల్టరు వరండాలో బల్ల వేశారు. వేట లేని రోజులు కాబట్టి ఊరంతా వచ్చింది. నరసింగరావుగారు కార్డు ఎంత ముఖ్యమో పావుగంట చెప్పి, పేర్లు పిలవడం మొదలెట్టారు. మొదటి పదకొండు మంది కార్డు తీసుకుని, చూడకుండా జేబులోనో రొంటినో పెట్టేసుకుని పక్కకి వెళ్లారు. పన్నెండో మనిషి కూర్మమ్మ. ఎండుచేపల వ్యాపారం చేస్తుంది. ఏదైనా తిరగేసి మరగేసి చూడందే తీసుకోదు.

"ఓలమ్మ! నాకు మీసం వొచ్చీసినాది," అంది కూర్మమ్మ.

అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. "నవ్వుతారేటి? ఇది మా అన్న," అంది.

నిజమే. దాలయ్య ఆమెకి సొంత అన్న. వెంటనే పదకొండు మందీ తమ కార్డులు పైకి తీశారు. వరండా అంతా ఒక్కసారే గోల లేచింది. అనూరాధ కట్ట విప్పి పది కార్డులు పేకముక్కల్లా బల్ల మీద పరిచింది. పది మంది దాలయ్యలు ఆమె వైపు చూశారు. ఆరు వేల రెండు వందల పద్నాలుగు వరుసలు అన్న మాట అప్పుడు ఆమెకి అర్థమైంది. మారింది దాలయ్య ఒక్కడి చోటు కాదు, అందరి చోట్లూ.

నరసింగరావుగారు చేతులెత్తి, "ఫోటోలో చిన్న మార్పు జరిగింది. కంగారు పడకండి," అన్నారు.

"సిన్న మార్పేటి బాబూ? మనిషే మారిపోనాడు," అన్నారెవరో వెనకనుంచి.

గుంపులో దాలయ్య కూడా ఉన్నాడు. మొదట అతనికీ నవ్వొచ్చింది. తర్వాత అందరూ కార్డును ఒకసారి, అతని మొహాన్ని ఒకసారి చూడడం మొదలెట్టేసరికి తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "నానేటి సేసినాను? నా కార్డు నాను అడిగినాను, అంతే కదేటి," అన్నాడు.

అప్పుడు కూర్మమ్మ మొగుడు ఎల్లాజీ ముందుకొచ్చాడు. తన కార్డును బల్ల మీద బోర్లా పెట్టాడు. దాలయ్యకీ ఎల్లాజీకీ ఏడేళ్లుగా మాటల్లేవని ఊరందరికీ తెలుసు, అనూరాధకి తెలియదు. దాలయ్య ఇరవై ఏళ్లుగా పడవ ఒడ్డుకి లాగే చోట ఎల్లాజీ ఓ రోజు తన పడవ లాగాడు. అంతే. ఆ రోజు నుంచి బావలిద్దరూ ఒకరికొకరు కనబడరు.

"మేడం గారూ, నాను రేప్పొద్దున్న సంద్రంలో మునిగిపోనాననుకోండి. ఒడ్డుకి కొట్టుకొస్తాను. జేబులో ఈ కార్డు ఉంటాది. ఈ మొకం సూసి నన్ను ఆడింటికి తీసికెల్లిపోతారు. సచ్చినాక కూడా నాను ఆ గుమ్మం తొక్కాలేటి?" అన్నాడు ఎల్లాజీ.

అనూరాధ పరిచిన కార్డులు దగ్గరికి లాక్కుంది. "తప్పు నాదే. పదిహేను రోజుల్లో సరిచేసి మళ్లీ తెస్తాను," అంది. మూడు వందల పదకొండు కార్డులు వెనక్కి తీసుకుంది. సరైన కార్డు ఒక్కటే ఉంది, దాలయ్యది. దాంతో అతనికి రెండు కార్డులయ్యాయి.

బస్సు నౌపడ దాటాక నరసింగరావుగారు "మీ మీద కంప్లైంటు ఉందమ్మా," అన్నారు.

మర్నాడు అనూరాధ దేవేంద్రకి ఫోన్ చేసి జరిగినదంతా చెప్పింది.

"వేర్ పెట్టారా మేడం?"

"ఎక్కడ?"

"అదే మేడం, 'ఎక్కడ' అన్నది పెట్టారా అని."

ఆమె డైరీ తీసింది. రెండో లైను అక్కడే, శుభ్రంగా, ఆమె దస్తూరీలోనే ఉంది. "పెట్టలేదు," అంది.

"పాత పట్టిక నకలు ఉందా?"

ఉండేది. డి డ్రైవులో. రిపేరు మనిషి ఫోటోల ఫోల్డరు మాత్రం కాపీ చేసి, మిగతావి పనికిరానివేమో అని వదిలేశాడు. డిస్కు ఈపాటికి ఏ విశాఖపట్నంలోనో ముక్కలై ఉంటుంది. ఇది విన్నాక దేవేంద్ర, "మీరు కూర్చుని ఉన్నారా మేడం?" అని అడిగాడు. కూర్చునే ఉంది.

అంతా పోలేదని తర్వాత తేలింది. ఫోటోలు క్షేమంగా ఉన్నాయి. ఒక్కో ఫోటో పేరు ఆ సభ్యుడి నంబరే. ఊరి పేరు, నంబరు కలిపి ఎవరి చోటు వాళ్లకి మళ్లీ రాసేయమని కంప్యూటర్‌కి చెప్పవచ్చు. అనూరాధ ఈసారి ముందు పట్టిక నకలు తీసి మూడు చోట్ల పెట్టింది. మార్చడానికి ముందు, మారిస్తే ఎలా ఉంటుందో చూపించమని మాత్రమే అడిగింది. అక్కడక్కడా వంద పేర్లు చేత్తో సరిచూసింది. కింద లాడ్జికి వచ్చిన ఒకాయన పైకి వచ్చి గదులున్నాయా అంటే, "వేర్ పెట్టాక చెప్తాను," అంది. ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు. తర్వాత మీట నొక్కింది.

ఆరు వేల నూట డెబ్బై మూడు మందికి వాళ్ల మొహాలు వచ్చేశాయి. నలభై ఒక్క మందికి రాలేదు.

ఆ నలభై ఒక్కరూ భావనపాడు వాళ్లే. తొమ్మిదేళ్ల కిందట అక్కడ ఫోటోల క్యాంపు పెట్టినప్పుడు, అప్పటి ఆపరేటరు మొదటి పూట ఫోటోలకి సభ్యుడి నంబరు పెట్టలేదు, కెమెరా ఇచ్చిన పేరే ఉంచేశాడు. ఏ ఫోటో ఎవరిదో పట్టికకి ఒక్కదానికే తెలుసు. ఆ సంగతిని అనూరాధే చెరిపేసింది. ఇప్పుడు ఆమె దగ్గర ఒక పక్క నలభై ఒక్క పేర్లు, ఇంకో పక్క నలభై ఒక్క మొహాలు ఉన్నాయి. మధ్యలో ఏ క్వెరీ పనిచేయదు.

నరసింగరావుగారు సంజాయిషీ అడిగారు. ఆమె నాలుగు లైన్లు రాసి ఇచ్చింది. మూడో లైనులో "మేనేజరుగారు సరిచూడకుండా అచ్చుకి పంపగా" అని ఉంది. ఆయన రెండుసార్లు చదివి, కాగితం సొరుగులో పెట్టి, "ముందు ఆ ఊరెళ్లి పని చూడమ్మా," అన్నారు.

మొహాలు కాగితానికి ఆరేసి చొప్పున అచ్చు తీసుకుని అనూరాధ ఒక్కతే భావనపాడు వెళ్లింది. కూర్మమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్లు ఇసక మీద వల పరిచి కవళ్లు అనే చిన్న చేపలు ఎండబెడుతున్నారు. కాగితాలు చూడగానే పని ఆపి చుట్టూ చేరారు.

"ఈడు జగన్నాధం. అప్పుడు పళ్లున్నాయి ఈడికి."

"ఇది అమ్మడు. ఓసే అమ్మడూ, రాయే, నువ్వెంత సన్నంగున్నావో సూసుకో."

కంప్యూటర్ కన్నా వేగంగా చెప్పారు. అనూరాధ రాసుకోలేక రెండుసార్లు ఆగమంది. పేరు చెప్పినవాళ్లకి ఆ మనిషి ఇంటి గొడవలన్నీ కూడా చెప్పాలనిపించేది. వాటిని రాసుకోలేదు కానీ వింది.

నాలుగో కాగితం మీద ఓ ఫోటో దగ్గర జగ్గమ్మ అనే పెద్దావిడ వేలు ఆపింది. "రాముడు," అంది. కొంచెం ఆగి, ఇప్పుడు లేడన్నట్టు, "ఈడు నేడు," అంది. పక్కావిడ అనూరాధకి మాత్రం వినబడేలా, రాముడు జగ్గమ్మ పెనిమిటని, పోయి నాలుగేళ్లయిందని చెప్పింది. పేరు జాబితాలో ఇంకా ఉంది, ఎవరూ తీయలేదు.

అనూరాధ రాముడి పేరు పక్కన ఏం రాయాలో తెలియక కలం పట్టుకుని కూర్చుంది.

"ఈ కాగితం నీకు పనుంటాదేటమ్మా?" అని జగ్గమ్మ అడిగింది. "పెళ్లిలో తీసినది ఒకటుండీది. తుఫానుకి తడిసిపోనాది."

అనూరాధ చేపలు కోసే కత్తెర ఒకటి అడిగి తీసుకుని, రాముడి ఫోటో వరకు జాగ్రత్తగా కత్తిరించి ఇచ్చింది. ఫోన్లో కూడా వేస్తానని, పెద్దది తీయించి పంపిస్తానని చెప్పింది. జగ్గమ్మ ఆ ముక్కను పైట కొంగులో ముడేసుకుని మళ్లీ చేపలు తిరగెయ్యడానికి వెళ్లింది. కాస్త దూరం వెళ్లి, ముడి విప్పి చూసుకుని, మళ్లీ వేసుకుంది.

మధ్యాహ్నానికి నలభై మంది తేలారు. ఒక మొహం, ఒక పేరు మిగిలాయి. మొహం గుండుతో, మీసం లేకుండా, చెంపలు పీక్కుపోయి, ఎవరో తిట్టినట్టు చూస్తోంది. పేరు ఎల్లాజీ.

లెక్క ప్రకారం ఇది ఎల్లాజీయే. కానీ కూర్మమ్మ ఒప్పుకోలేదు. "నా మొగుణ్ణి నాను ఎరగనేటి? ఈడు మావోడు కాదు. ఎవుడో జబ్బు మనిషి." ఎల్లాజీనే పిలిపించారు. అతను కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసి, "నాను కాదు," అన్నాడు. పది రోజుల కిందటే ఒకరి మొహం అతని పేరు మీద అచ్చయింది. లెక్కను నమ్మి ఇంకోసారి అలాంటి పని చేయడానికి అనూరాధకి చేయి రాలేదు. "ఎవరో ఒకరు చూసి ఇతనే అని చెప్పాలి," అంది.

గోల విని దాలయ్య పడవ చాటు నుంచి వచ్చాడు. ఎల్లాజీ సముద్రం వైపు తిరిగిపోయాడు. దాలయ్య కాగితం తీసుకుని ఒక్క చూపు చూశాడు.

"ఎల్లాజీయే," అన్నాడు అనూరాధతో. "ఆ ఏడు ఆడికి పచ్చకామెర్లు వొచ్చి సావు తప్పినాది. కూర్మమ్మ అప్పుడు పెద్ద కూతురు పురుటికి బారువలో ఉన్నాది, దానికి సెప్పనేదు మేం. తగ్గితే గుండిస్తానని ఆడు మొక్కుకున్నాడు. నానే సింహాచలం తీసికెల్లినాను. మేం బస్సు దిగీసరికి ఇక్కడ ఫోటోలు తీస్తన్నారు. ఎడమ సెవి సూడండి, పైన కోత ఉన్నాది. ఇంజను తాడు తెగి కొట్టినాది. నానే కట్టు కట్టినాను."

అందరూ ఫోటోలో చెవి చూశారు. తర్వాత ఎల్లాజీ చెవి చూశారు. ఎల్లాజీ చెయ్యి దానంతటదే చెవి మీదికి వెళ్లింది. కూర్మమ్మ కాగితం లాక్కుని, గుండు మీద చెయ్యి అడ్డం పెట్టి కళ్లు మాత్రం చూసింది. "నాకు సెప్పనేదేటి?" అంది, ఎవరితోనో తెలియకుండా.

ఎల్లాజీ, సముద్రం వైపు నుంచి తిరక్కుండానే, "కట్టు ఒదులుగా కట్టినావు. రేతిరికి ఊడిపోనాది," అన్నాడు.

ఏడేళ్ల తర్వాత బావతో ఆడిన మొదటి మాట అది.

"నువ్వు కుదురుగా ఉంటే కదేటి," అన్నాడు దాలయ్య. "కోడిపెట్టలాగ గింజుకున్నావు."

"నొప్పి నాది."

"రక్తం నా సొక్కా మీద పడ్డాది."

ఇలా ఒకరి తర్వాత ఒకరు అంటూ, ఆ చొక్కా ఏ రంగుదన్న దగ్గర గట్టిగా పట్టుకున్నారు. ఎల్లాజీ కావాలంటే ఫోన్లో కొత్త ఫోటో తీసి పెడతానని అనూరాధ అంది. అతను కాగితం తీసుకుని తన గుండును ఇంకోసారి చూసుకున్నాడు. "వొద్దు. అదే ఉంచీండి," అన్నాడు. టెక్కలి బస్సు ఎక్కేటప్పటికి కూడా చొక్కా సంగతి తేలలేదు.

జూన్ మొదటి వారంలో కొత్త కార్డులు వచ్చాయి. కట్ట విప్పి మూడు వందల పన్నెండూ అనూరాధ ఒక్కొక్కటే చూసింది. రాముడి కార్డు పక్కన తీసి పెట్టింది. మిగిలినవి పంచడానికి నరసింగరావుగారు ఒక్కరే వెళ్లి, ఉపన్యాసం చెప్పకుండా పంచి వచ్చారు. దాలయ్యా ఎల్లాజీ మాట్లాడుకుంటున్నారని, మాటలన్నీ పోట్లాటేనని, అయినా ఊరికి అలవాటైపోయిందని ఆయన చెప్పారు. పడవలు ఎక్కడివక్కడే ఉన్నాయట.

ఆ సాయంత్రం కూర్మమ్మ నుంచి ఫోన్ వచ్చింది.

"అమ్మా, కార్డు అందినాది. మొకం నాదే. బాగున్నాది."

"మంచిది పిన్నీ."

"కానీ పుట్టిన సంవచ్చరం మా మనవరాలు సదివినాది. దీని ప్రకారం నాను మా యమ్మకన్నా పదేళ్లు పెద్దదాన్ని."

అనూరాధ కుర్చీ దగ్గరికి లాక్కుని డైరీ తెరిచింది. "నీ ఒక్కదానికేనా పిన్నీ, ఇంకా ఎవరికైనా అలాగే ఉందా?"

"ఉండు, అడుగుతాను," అని కూర్మమ్మ ఫోన్ పక్కన పెట్టి వీధిలోకి కేకేసింది.